సవరం సంచి

మా ముత్తాతగారు గోదావరి రెండు పాయల నడుమ ఒక చిన్న ఎస్టేటుకు జమీందారు. కలెక్టరు దొర క్యాంపు వేస్తే పెద్దమనుషుల కోసం వేసే కుర్చీల్లో మొదటిది ఆయనది. తాతగారు జిల్లా బోర్డు సభ్యులు, సంస్కృత పాఠశాలకు ధర్మకర్త. నాన్నగారి కాలానికి ఎస్టేటు పోయింది, ఏనుగును కట్టిన కొట్టం పశువుల ఆసుపత్రి అయింది. నాన్నగారు దేనికీ అధ్యక్షులు కారు. అయినా ఆయన కుర్చీకి వీపు ఆనించి కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ అలవాటు నాకూ వచ్చింది. ఇంగ్లండులో మేముండే స్విండన్‌లో పళ్ళ డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములో కూడా నేను వెనక్కి వాలను.

మా దివాణంలో ప్రతి ఆడపిల్లకూ పుట్టువెంట్రుకలు తీయించిన ఏడాది నుంచి ఒక మల్లుగుడ్డ సంచి ఉండేది. తల దువ్వినప్పుడు దువ్వెనకు వచ్చిన చిక్కును వేలికి చుట్టి అందులో వేసేవారు. పిల్లకు ఓణీలు వేసే నాటికి సంచిలోదంతా కుంకుడు రసంతో కడిగి, చిక్కు విడదీసి, కుదుళ్ళన్నీ ఒక వైపుకు చేర్చి సవరం కట్టేవారు. పిల్ల సొంత జుట్టుతోనే కట్టాలి. తల్లిది కూతురికి కలపకూడదు. చిక్కు జుట్టుకు పిన్నీసులూ పూసలూ ఇచ్చి కొనుక్కుపోయే ఆడవాళ్ళు ఊళ్ళో తిరిగేవారు కానీ వాళ్ళను మా గేటు దాటనిచ్చేవారు కాదు. దివాణం వెంట్రుక ఊళ్ళో ఎవరి నెత్తి మీదకో పోవడం ఏమిటని నాయనమ్మ అనేవారు. మా ఆడవాళ్ళకు జుట్టు రాలదని కూడా అనేవారు. సంచి నిండేది రాలడం వల్ల కాదు, ఉన్నది అంత ఎక్కువ కావడం వల్లనట.

ఆ మాట నేను నమ్మాను. మా అమ్మాయి సంచి నిండుతున్న కొద్దీ దాని ప్రాణం మీదికి వస్తోందని ఇంట్లో ఎవరికీ తెలియకుండా గడిచిన ఒక వసంతకాలం గురించి ఇప్పుడు రాస్తున్నాను.

లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది అది. మా ఆయన బ్రాక్‌నెల్‌లో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేసేవారు. పొద్దున్నే కారులో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. మాకు ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది, అదీ ఈ దేశపు యాసలో. పద్నాలుగు నిండబోతున్నాయి. ప్రతి ఆదివారం దానికి కొబ్బరినూనె పెట్టి తల దువ్వడం నా పని. దువ్వెనకు వచ్చింది సంచిలో వేస్తుంటే ముక్కు మూసుకునేది. ‘మమ్, ఇది నిజంగా గ్రోస్. నా ఫ్రెండ్స్‌కి చెప్పకు ప్లీజ్’ అనేది. అయినా కదలకుండా కూర్చునేది.

మా వీధి చివర గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక నర్సు ఉండేది. ఆసుపత్రిలో డ్యూటీల రోటా చూసుకుని, సెలవు దొరికిన ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చేది. మా అమ్మాయి ఆవిడను ఆంటీ అనేది. ఆవిడ నన్ను రాణీగారూ అని పిలిచేది. అందులో వెటకారం ఉందని తెలిసీ నేను పలికేదాన్ని, ఎందుకంటే పిలుపులో తప్పేమీ లేదు. సంచి చూసి ఒకసారి, ‘ఏంది రాణీగారూ, జుట్టు దాచిపెట్టి మళ్ళీ ఎస్టేటు కొంటారా ఏంది?’ అంది. మా ఇంటి పద్ధతి అది అని నేను చెప్పాను. పద్ధతులకేం తక్కువ లేదులే, టీ పెట్టండి అంది.

మా ఊరికి అరగంట దూరంలో పొలాల మధ్య ఒక పాత దొరల భవనం ఉంది. దొరల వంశం అంతరించాక ఒక ట్రస్టు దాన్ని చూస్తోంది, వేసవిలో టికెట్టు పెట్టి జనాన్ని రానిస్తారు. అంతకు ముందు ఏడాది మేము ముగ్గురం చూడటానికి వెళ్ళాం. పైఅంతస్తు పడకగదిలో అద్దం బల్ల మీద ఒక పింగాణీ భరిణె ఉంది. మూతకు మధ్యలో బొటనవేలు పట్టేంత రంధ్రం. అది దేనికో చెప్పమని అక్కడి పెద్దావిడ సందర్శకులను అడిగింది. పౌడరుకని ఒకరు, టీ ఆకుకని ఒకరు అన్నారు. నేను వెంట్రుకలకు అన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, నా జడను కింది దాకా చూసింది.

ఆవిడ ఒకప్పుడు నాటకాల వాళ్ళకు విగ్గులు కట్టేదట. ఇప్పుడు ఆ భవనంలో విక్టోరియా రాణి కాలపు తలకట్లు వేసి చూపించేది. ఆ కాలంలో ఇక్కడి దొరసానులు కూడా దువ్వెనకు వచ్చిన జుట్టును ఆ రంధ్రంలోంచి భరిణెలోకి తోసి దాచేవారు. నిండాక దాన్ని ఉండగా చేసి, సన్నని వల గుడ్డలో కుట్టి, నెత్తి మీద పెట్టుకుని, పైనుంచి సొంత జుట్టును దువ్వి కప్పేవారు. అప్పుడు తల ఎత్తుగా, నిండుగా కనిపించేది. ఆ ఉండను వాళ్ళు ఎలుక అనేవారట. రంగు కలవాలంటే అది సొంత జుట్టుతోనే చేయాలి. ఇంత దూరం వచ్చి, మా నాయనమ్మ మాటే ఒక తెల్లదాని నోట విన్నాను.

ఆవిడ నన్ను సాయానికి రమ్మంది. భత్యం కొంత ఇస్తామన్నారు. నేను ఊరికే వస్తాను గానీ ఇంకొకరి దివాణంలో జీతానికి పని చేయనని చెప్పాను. ఆవిడకు నవ్వు వచ్చింది. తన ముత్తవ్వ అలాంటి భవనాల్లోనే దొరసానులకు తల దువ్వే మనిషి అని చెప్పింది. మా ఇద్దరి ముత్తవ్వలూ ఎదురుపడి ఉంటే ఎవరు నిలబడి ఉండేవారో ఇద్దరికీ తెలుసు. ఆవిడకు ఆ సంగతి పట్టలేదు. నాకు పట్టింది, అయినా వెళ్ళాను. చలికాలమంతా వారానికి ఒక పూట పనివాళ్ళ గదిలో కూర్చుని ఆవిడ దగ్గర ఎలుకలు కుట్టడం నేర్చుకున్నాను, ఆవిడకు కుదుళ్ళు చేర్చడం నేర్పాను.

వేసవి మొదట్లో ప్రదర్శన. మా అమ్మాయిని ఆ కాలపు పడుచులా ముస్తాబు చేసి మెట్ల మీద నిలబెట్టాలని ఆవిడ కోరింది. అంత నల్లటి జుట్టుకు సరిపోయే ఎలుక తన దగ్గర లేదంది. మా దగ్గర సంచి ఉందని నేను చెప్పాను. సవరానికి పోగా ఎలుకకు కూడా చాలుతుంది. ఎందుకంటే క్రిస్మస్ నుంచి ఆ సంచి నేను అనుకోనంత వేగంగా నిండుతోంది.

అప్పుడు నాకు సంతోషం తప్ప ఇంకేమీ కలగలేదు. ఊళ్ళో ఉన్న మా పెద్ద మేనత్తకు ఫోన్ చేసి, దీని సవరం నాయనమ్మ సవరం కంటే లావు వస్తుందని చెప్పాను. ఆదివారం దువ్వెన నిండా వచ్చిన దాన్ని వేలికి చుట్టి మా ఆయనకు చూపించాను. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తి, ఇంత రావచ్చా అన్నారు. మీ ఇంట్లో చూసి ఉండరు అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పిల్ల స్కూలు నుంచి రాగానే యూనిఫాంతోనే పడుకునేది. పరీక్షల చదువు అనుకున్నాను. పొద్దున వేళ్ళు ముడవలేకపోతున్నానని, పెన్ను పట్టుకుంటే నొప్పిగా ఉందని అంది. ఫోన్ తగ్గించమన్నాను. ముక్కుకు అటూ ఇటూ బుగ్గలు కందినట్టు ముదురు రంగు తిరిగాయి. ఎండ లేని దేశంలో పిల్ల ముఖానికి రంగు వచ్చిందని మురిశాను. దిండుకు నల్ల గలీబు కావాలంటే టౌనుకు తీసుకెళ్ళి కొనిపెట్టాను. ఎందుకని అడగలేదు. ఆ వయసు పిల్లలకు నలుపంటే మోజు.

ఏప్రిల్‌లో ఒక రోజు భవనంలో పెద్దావిడ అద్దాల పెట్టె తాళం తీసి ఒక బ్రూచ్ నా అరచేతిలో పెట్టింది. బంగారు చట్రం, దాని మధ్య గాజు కింద గోధుమ రంగు దారంతో అల్లిన పువ్వు. దారం కాదు, జుట్టు. ఆ ఇంటి పిల్ల జ్వరంతో పోయిందట. పోయాక తల్లి దాన్ని బతికినన్నాళ్ళూ గుండె మీద పెట్టుకుంది. జబ్బు తీవ్రమైతే తల చల్లబడాలని పిల్లల జుట్టు ముందే కత్తిరించేవారనీ, ఏమైనా జరిగితే ఉంటుందని దాన్ని విడిగా దాచేవారనీ ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పింది. నేను బ్రూచ్‌ను బల్ల మీద పెట్టేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. మా వైపు పోయిన వాళ్ళ జుట్టు వాళ్ళతోపాటే కాలిపోతుంది, ఇంట్లో ఉంచరు. ఆవిడ నొచ్చుకుందేమో తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి సంచిని నా బీరువాలోంచి తీసి పిల్ల గదిలో పెట్టాను. నా బట్టల మధ్య దాన్ని ఉంచబుద్ధి కాలేదు.

ఎలుక కుట్టాల్సిన రోజు సంచి తీసుకుని వెళ్ళాను. పనివాళ్ళ గదిలో పొడవాటి బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి సంచి బోర్లించాం. పెద్దావిడ రెండు చేతులా ఎత్తి చూసి, ఎంత ఉంది, అదృష్టవంతురాలు అంది. అవునన్నట్టు తల ఊపాను. తర్వాత కుదుళ్ళు చేర్చడానికి కూర్చున్నాను.

బోర్లించడంతో సంచి అడుగునున్నది పైకి వచ్చింది. పిల్ల చిన్ననాటి నుంచి పోగైన జుట్టు అది. నల్లగా, బిరుసుగా, లాగితే ఆగే జుట్టు. అన్నేళ్ళదీ కలిపి నా రెండు దోసిళ్ళకు మించి లేదు. దాని కింద ఉన్న కుప్పంతా క్రిస్మస్ తర్వాతది. అందులోంచి ఒక పాయ తీసి కిటికీ వైపు పట్టుకున్నాను. సాలెపోగులా ఉంది. మధ్యమధ్య గోధుమ రంగు. రెండు వేళ్ళతో లాగితే చప్పుడు లేకుండా తెగింది. ఇంకొకటి లాగాను. అదీ తెగింది. పైగా వారానికి ఒకసారి నేను దువ్వితే వచ్చింది ఇంత కాదు. నేను వేలికి చుట్టినవి చిన్న చిన్న చుట్టలు. ఇక్కడ చుట్టలు కానివి, తడిసి అట్టకట్టినవి, సబ్బు వాసన వేస్తున్నవి ఉన్నాయి. వాటిని నేను వేయలేదు.

పెద్దావిడ వల గుడ్డ కత్తిరిస్తూ ఏదో చెబుతోంది. నేను దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని మూట కట్టి, ఇంటికి వెళ్ళాలని చెప్పి లేచాను.

పిల్ల పడుకుని ఉంది. లేపి మంచం అంచున కూర్చోబెట్టాను. జడ విప్పి పాపిడి తీశాను. నేను ఆదివారాలు దువ్వేటప్పుడు అది తలను ఒక వైపు వంచి కూర్చునేది, నొప్పి అనేది, నేనే దువ్వుకుంటా ఈ పక్క అనేది. ఆ పక్క చెవి పైన అరచేయంత మేర నున్నగా ఉంది. వెనక ఇంకొకటి.

‘ఎప్పటి నుంచే?’

అది జుట్టును ఆ పక్కకు లాక్కుని కప్పుకుంది.

‘సంచిలో ఎవరు వేశారు?’

‘నేనే. షవర్‌లో వచ్చింది, పిల్లో మీదిది. బిన్‌లో వేస్తే నువ్వు చూస్తావు కదా.’ తర్వాత తెలుగులోనే, చిన్నప్పటి తెలుగులో అంది: ‘నీకు హ్యాపీగా ఉంది అమ్మా. మీ పెద్దత్తయ్యకి ఫోన్‌లో చెప్పావు. మన వాళ్ళకి రాలదు అన్నావు. మరి నాకు ఎందుకు రాలుతుందో నాకు తెలీదు. నేను మనవాళ్ళ లాగా లేనేమో అనుకున్నా.’

నేను దాని పక్కన కూర్చున్నాను.

ఇక్కడ సర్జరీ అనే మా పేట క్లినిక్కుకు ఫోన్ చేస్తే, జీపీ డాక్టరు దగ్గర రెండు వారాల తర్వాత టైమ్ ఇచ్చారు. నేను సరేనన్నాను. ఇంకొకరిని బతిమాలడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. సాయంత్రం నర్సు డ్యూటీ దిగి వస్తుంటే వీధిలో ఆపాను. ఆవిడ లోపలికి వచ్చి పిల్ల తల చూడలేదు. మేజోళ్ళు తీయమంది. మేజోడు అంచు దిగిన చోట కాలి చుట్టూ లోతుగా గీత పడి ఉంది. చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. ముగ్గురం దాన్ని చూస్తూ ఉన్నాం.

‘యూరిన్ నురగ వస్తందా అమ్మా?’ అని పిల్లను అడిగింది. అది తల ఊపింది.

ఆవిడ నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ‘రెండు వారాలు కాదక్కా. రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి. అర్జెంటు అని చెప్పు. వాళ్ళు కాదంటే పిల్లని తీసుకుని ఎ అండ్ ఇకి, ఎమర్జెన్సీకి పో. మర్యాదలు తర్వాత చూసుకుందాం.’ ఆ రోజు రాణీగారూ అనలేదు.

మర్నాడు జీపీ మూత్రంలో పరీక్ష పుల్ల ముంచి చూసి, రంగు మారగానే ఫోన్ అందుకుంది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఉన్నాం. రక్తం తీశారు, మళ్ళీ తీశారు. తర్వాత ఇంకొక ఊళ్ళో ఉన్న పెద్ద ఆసుపత్రికి అంబులెన్సులో పంపారు. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలన్నారు. మా ఆయన బ్రాక్‌నెల్ నుంచి తిన్నగా అక్కడికే వచ్చారు. టై ఒక చేతిలో పట్టుకుని కారిడార్‌లో నిలబడ్డారు. వార్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో నేను వీపు ఆనించకుండా కూర్చున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, కాస్త వాలు అన్నారు. వాలలేదు. వాలితే లేవలేనని భయం.

జబ్బు పేరు లూపస్ అన్నారు. ఒంట్లో రక్షణగా ఉండాల్సిందే ఒంటి మీద పడుతుందట. కిడ్నీల మీద పడింది. జుట్టు మీద ముందే పడింది. కొన్ని నెలలు ఆలస్యమైతే ఏమయ్యేదని మా ఆయన అడిగారు. డాక్టరు ఇప్పుడు చేయాల్సింది చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, మీ కుటుంబంలో ఎవరికైనా ఉండేదా అని అడిగాడు. మా కుటుంబం గురించి ఎవరు అడిగినా చెప్పడానికి నా దగ్గర చాలా ఉంటుంది. అతను అడిగింది మాత్రం నాకు తెలియదు.

పెద్ద మేనత్తకు ఫోన్ చేశాను. పిల్ల సంగతి చెప్పి, డాక్టరు అడిగిందే అడిగాను. మా చిన్న మేనత్త పెళ్ళికి ముందే విషజ్వరంతో పోయిందని మాకు చెప్పింది నిజం కాదంది. ‘కాళ్ళు వాచాయమ్మా. మొహం మీద నల్లగా రేగింది. ఆఖరికి తల మీద ఏమీ మిగల్లేదు. సంబంధాలు పోతాయని మీ తాతగారు ఎవరికీ చెప్పనివ్వలేదు. డాక్టర్ని పిలిస్తే ఊరికి తెలుస్తుందని పిలవలేదు. మన వాళ్ళకు జుట్టు రాలదని మీ నాయనమ్మ అప్పటి నుంచే అనడం మొదలెట్టింది.’

ఆ మాట డాక్టరుకు చెప్పాను. అతను రాసుకున్నాడు.

స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. వాటితోపాటు ఎక్కించే మందుకు ఉన్న జుట్టు కూడా పల్చబడుతుందని ముందే చెప్పారు. మొదటి మందు అయ్యాక ఇంటికి పంపారు. ముఖం ఉబ్బి, కళ్ళు చిన్నవై, మా అమ్మాయి నాకు కొత్తగా కనిపించింది. కత్తిరించమని అదే అడిగింది. పెళ్ళికాని పిల్ల తలకు మా ఇంట్లో కత్తెర తగలకూడదు. దాన్ని వంటగదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, మెడ చుట్టూ తువ్వాలు కట్టి, కుట్టు కత్తెరతో నేనే కత్తిరించాను. చేతికి బరువు తెలియలేదు.

‘ఇది కూడా దాస్తావా?’ అని అడిగింది.

లేదన్నాను.

‘ప్రామిస్?’

కింద పడిందంతా ఊడ్చి చెత్తబుట్టలో వేశాను. అది చూస్తుండగానే వేశాను. మూటలో ఉన్నదాన్ని మాత్రం అప్పుడు ముట్టుకోలేదు. కొన్నాళ్ళ తర్వాత పెద్దావిడ ఫోన్ చేసి పిల్ల ఎలా ఉందని అడిగింది. ప్రదర్శనలో మెట్ల మీద ఎవరినీ నిలబెట్టలేదని, ఆ చోటు ఖాళీగా ఉంచానని చెప్పింది. పోయినవాళ్ళ చోటు ఉంచినట్టు ఆ మాట నాకు మంచిగా అనిపించలేదు. చెప్పినావిడ మంచి మనసుతోనే చెప్పింది. ఆ వారమే మూటను తోటలో ఎండు కొమ్మలతో కలిపి కాల్చేశాను. నడివీధి దాకా వాసన వచ్చింది. పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి, వెళ్ళి కిటికీలు మూసుకున్నాడు.

పిల్ల నిలిచింది. నిలిచింది అనే అంటాను, తగ్గింది అనను. కిడ్నీలు సగం పని చేస్తున్నాయని, ఆ సగాన్ని కాపాడుకోవాలని అన్నారు. ఎండ తగలకూడదు, అంటురోగాలున్న చోటికి పోకూడదు, నెలనెలా రక్తం చూపించాలి. ప్రతి ఫలితం వచ్చే రోజు మా ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడం. జుట్టు మళ్ళీ వచ్చింది, పొట్టిగా, ఉంగరాలుగా, మా వంశంలో ఎవరికీ లేనట్టుగా. అది అలాగే ఉంచుకుంది. ఆదివారాలు నన్ను దువ్వనివ్వదు. నేను బాత్‌రూము తలుపు దగ్గర నిలబడి, అది దువ్వెన కడిగేటప్పుడు సింకులోకి చూస్తాను. నేను చూస్తున్నానని దానికి తెలుసు, దువ్వెన ఎత్తి చూపిస్తుంది.

ఆ ఏడాది చేయాలనుకున్న ఓణీల వేడుకకు మేము ఇండియా వెళ్ళలేదు. పిల్లను ఆసుపత్రికి తిప్పడానికి మా ఆయన బ్రాక్‌నెల్ కాంట్రాక్టు వదిలేశారు, ఏడాది దాకా ఇంకొకటి చూసుకోలేదు. ఆ ఏడాది చివర దివాణంలో నాన్నగారి వాటా కింద మిగిలిన పెద్ద హాలు, దాని వెనక వడ్ల కొట్టు, పెరటి స్థలం ఒక రొయ్యల వ్యాపారికి అమ్మాం. ఆయన హాలు పడగొట్టి ఐసు ఫ్యాక్టరీ కట్టాడు.